ఏ రంగుల వడ్డది?

పట్టణ ప్రణాళిక అనే పనిలో చివరికి జనం కంటికి కనిపించేది రంగులే. పసుపు వేస్తే ఇళ్లు, నీలం వేస్తే దుకాణాలు, ఊదా వేస్తే పరిశ్రమలు, ఎరుపు వేస్తే బడులూ ఆస్పత్రులూ ఆఫీసులూ, ఆకుపచ్చ వేస్తే పార్కులు. సర్వేలు, జనాభా లెక్కలు, వాహనాల లెక్కలు, ఇరవై ఏళ్ల తర్వాత ఊరు ఎంత పెరుగుతుందన్న అంచనాలు అన్నీ ఆ రంగుల కింద కనిపించకుండా పోతాయి. ఆ రంగులు వేసే ఉద్యోగం నాది. మెట్‌పల్లిలో మా ఇంటి మేడమీది గదిలో కూర్చుని గల్ఫ్‌లోని ఒక నగరం శివార్లకు వేస్తుంటాను. ఆ నగరంలో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. మా వాడలో ఎన్నో ఇళ్ల మగవాళ్లు మాత్రం అక్కడ ఏళ్లకేళ్లు బతికొచ్చారు, ఇంకా బతుకుతున్నారు.

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ప్లానింగ్ చదివి, అక్కడే ఉద్యోగం వెతుక్కుని, 2020లో అందరితో పాటు లాప్‌టాప్ పట్టుకుని ఊరికొచ్చాను. అందరూ తిరిగి వెళ్లారు, నేను వెళ్లలేదు. ఇంటి నుంచి పని హాయిగా ఉందా అని అడుగుతారు. ఉంది. పొద్దున అవ్వ బీడీల చాట ముందు కూర్చునే వేళకే నేనూ నా తెర ముందు కూర్చుంటాను. అద్దె లేదు, మెట్రో లేదు, సాయంత్రం బాపుతో కలిసి పొలం దాకా వెళ్లిరావచ్చు. అయితే ఈ హాయి కింద ఇంకో సుఖం ఉంది, దాన్ని పైకి చెప్పడం కష్టం. ఊరిని పైనుంచి చూడటంలోని సుఖం. ఉపగ్రహ చిత్రంలో ఏ ఊరైనా శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటుంది. గెట్టు పంచాయితీలు కనిపించవు. అన్నదమ్ముల కొట్లాటలు వినిపించవు. వంద అడుగుల రోడ్డు కోసం గీత గీస్తే ఎవరూ గుమ్మం ముందుకొచ్చి ఏడవరు. ఈ సుఖం నాకు ఇష్టం. ఎందుకంత ఇష్టమో నాకు నేను తేల్చుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

అనుకునేలా చేసింది 2023 జనవరి.

కామారెడ్డి మున్సిపాలిటీకి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా అంతకు ముందు నవంబర్‌లో బయటికొచ్చింది. దాన్ని తయారుచేసింది దిల్లీకి చెందిన ఒక కన్సల్టెన్సీ. పట్టణం చుట్టుపక్కల పల్లెల్లో రెండు పంటలు పండే భూములు పారిశ్రామిక జోన్‌లోనూ, వంద అడుగుల రోడ్ల కిందా పోతున్నాయని రైతులకు తెలిసింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనవరి 11 ఆఖరు. ఆ గడువు తీరకముందే అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. మరునాడు రైతులు, ఆడవాళ్లు, పిల్లలు కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. అదే నెలలో మాకు గంట ప్రయాణం దూరంలో ఉన్న జగిత్యాలలోనూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడి మాస్టర్ ప్లాన్ మీద రోడ్డెక్కారు. జనవరి 20న రెండు పట్టణాల పాలకవర్గాలూ ఆ ప్లాన్లను వెనక్కి తీసుకోవాలని తీర్మానం చేశాయి.

ఆ వార్తలు చదివినప్పుడు నా మనసులోకి మొదట వచ్చిన మాటను దాచుకోను. అరవై రోజులు గడువు ఇచ్చారు కదా, ముందే రాతపూర్వకంగా ఇవ్వొచ్చు కదా అన్నదే ఆ మాట. ఇది నా చదువు మాట్లాడిన మాట. పద్ధతి ప్రకారం ముసాయిదా ప్రకటించారు, పద్ధతి ప్రకారం అభ్యంతరాలు తీసుకుంటున్నారు, మధ్యలో ఈ ధర్నాలు ఎందుకు? అలా అనుకున్న మరుక్షణం కిటికీలోంచి చూస్తే, ఆ అరవై రోజులు మా దగ్గర ఎట్లా గడిచాయో కళ్లముందే ఉంది. నవంబర్‌లో వరి కోతలు. కోసిన వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రంలో కుప్పపోసి, తేమ తగ్గేదాకా ఆరబెట్టి, గన్నీ సంచుల కోసం, లారీ కోసం రాత్రిళ్లు కుప్ప పక్కనే పడుకోవడం. డిసెంబర్‌లో యాసంగి నారు. జనవరిలో నాట్లు. మా వైపు దానికి తోడు పసుపు తవ్వకం, ఉడికించడం, ఆరబెట్టడం. ఆ రోజుల్లో ఏ రైతు ఏ పూట తీరిక చేసుకుని మున్సిపల్ ఆఫీసు గోడమీది పటం ముందు నిలబడగలడు? నిలబడినా ఏం కనిపిస్తుంది? అక్కడ అతని పేరుండదు, బాయి ఉండదు, పక్కవాడి గెట్టు ఉండదు. హెక్టార్ల కొలతలుంటాయి. అతనికి తెలిసింది ఎకరం, గుంట, గజం. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు అన్న లెక్క అతనికి నోటికి వస్తుంది, పటానికి రాదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బాపు మెట్లెక్కి నా గదిలోకి వచ్చాడు. సాధారణంగా రాడు, పని చెడగొట్టినట్టవుతుందని. తెరమీది రంగుల పటాన్ని కాసేపు చూసి అడిగాడు.

"మన చెలక ఏ రంగుల వడ్డది బిడ్డా?"

"ఇది మనది కాదు బాపు. గల్ఫ్‌ది. ఆ లొల్లి జగిత్యాల ప్లాన్‌ది."

"ఇయ్యాల జగిత్యాల. రేపు మెట్‌పల్లి గాదా?"

కావచ్చని నాకు తెలుసు. ఏదో ఒక రోజు ప్రతి పట్టణానికీ ప్లాన్ వస్తుంది, రావాలి కూడా. మురికికాలువ ఎటు పారాలో, బడి ఎక్కడుండాలో, లారీలు ఊరి నడిబొడ్డులోంచి పోకుండా ఏం చేయాలో ముందే అనుకోకపోతే ఊరు ఎట్లా తయారవుతుందో 63వ నంబర్ జాతీయ రహదారి వెంట పొడుగ్గా పెరిగిన మా ఊరిని చూస్తే తెలుస్తుంది. ఆ మాటే బాపుకు చెప్పాను. ఆయన విన్నాడు. "మంచిదే. కని మన చెలకను ఎవలన్న అడుగుతరా?" అని దిగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నన్ను పట్టుకున్నది బాపు ప్రశ్న కాదు. దిల్లీలో ఆ కుర్చీలో నేను ఉండి ఉంటే ఏం చేసేదాన్ని అన్నది. బహుశా అదే గీత గీసేదాన్ని. జాతీయ రహదారికి దగ్గర, రైలు మార్గానికి దగ్గర, చదునుగా ఉంది, ఇళ్లు లేవు, గాలి ఊరి వైపు వీచదు. ఊదా వేయడానికి ఇంతకన్నా మంచి స్థలం ఉండదని మా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఎవరిమీదా కోపం లేకుండా, ఎవరి దగ్గరా లంచం తీసుకోకుండా, శ్రద్ధగా, నిద్ర మానుకుని ఆ రంగు వేసేదాన్ని. చెడ్డవాళ్లు చేశారని అనుకుంటే మనసు తేలికపడేది. అట్లా అనుకోవడానికి నాకు దారి దొరకలేదు.

చెలక అంటే ఇక్కడ పంట ఒక్కటే కాదని నాకు తెలియని విషయం కాదు. బిడ్డ పెండ్లి, ఆస్పత్రి ఖర్చు, గల్ఫ్ ఏజెంటుకు కట్టాల్సిన పైసలు అన్నిటికీ ఆఖరి ఆధారం ఆ భూమి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక, చెరుకు నమ్ముకున్న ఇళ్లలో ఆ ఆధారం ఇంకా బరువైంది. పొలం మీద పార్కుల ఆకుపచ్చ పడిందంటే, దాన్ని సర్కారు కొనకపోవచ్చు, పార్కూ కట్టకపోవచ్చు, కానీ ఆ రంగు ఉన్నంతకాలం ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు, కొనేవాడు రాడు. పటంలో అన్నిటికన్నా చల్లగా కనిపించే రంగు అది.

దూరం నుంచి ఊళ్లకు ప్లాన్లు వేయడం ఇంటర్నెట్‌తో మొదలైన పని కాదు. చండీగఢ్ తొలి ప్లాన్‌ను ఆల్బర్ట్ మేయర్ చాలావరకు న్యూయార్క్‌లో కూర్చునే తయారుచేశాడు. మన అమరావతికి 2015లో మాస్టర్ ప్లాన్ ఇచ్చినవి సింగపూర్ సంస్థలు. కృష్ణా ఒడ్డున 29 గ్రామాల భవిష్యత్తు సముద్రం అవతల తెరలమీద రూపు దిద్దుకుంది. దీనికి ఎదురుగా నాకు గుర్తొచ్చే మనిషి ప్యాట్రిక్ గెడ్డెస్. స్కాట్లండ్ నుంచి 1914లో ఇండియాకు వచ్చాడు. నగరాల గురించి తాను పోగుచేసిన ప్రదర్శన సామగ్రి మొత్తాన్ని తెస్తున్న ఓడను దారిలో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ముంచేస్తే, మిత్రులు మళ్లీ కూడబెట్టి పంపిన పటాలతో 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోని పట్టణాల వీధుల్లో తిరిగాడు. పారిశుధ్యం పేరుతో ఇళ్లమధ్యగా తిన్నటి రోడ్లు కొట్టేయాలన్న ఇంజినీర్ల ప్రతిపాదనలను ఆ వీధుల్లో నిలబడి ప్రశ్నించాడు. రోగమేమిటో తెలుసుకున్నాకే మందు అన్నది ఆయన పట్టుదల. వీలైనంత వరకు ఇళ్లు కూల్చకుండా, చెట్టు కొట్టకుండా, పాడుబడ్డ చోటును బాగుచేసి దారి వెతకొచ్చని చూపించాడు. అదే మద్రాసులో 1920లో పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. ఇవాళ్టికీ తెలంగాణ పేరుతో మన దగ్గర అమల్లో ఉన్నది దాని వారసత్వమే. చట్టం మన దాకా వచ్చింది, గెడ్డెస్ కాళ్లు రాలేదు.

అయితే దూరాన్ని పూర్తిగా తిట్టడానికి నా నోరు రాదు. ప్లానింగ్ చదివి ఊళ్లో ఉంటున్నదాన్ని కాబట్టి నాకు ఎదురయ్యే ప్రశ్నలేమిటో నాకు తెలుసు. పెళ్లిలో, కిరాణా దుకాణంలో, పాత బస్టాండు దగ్గర ఎవరో ఒకరు పక్కకు పిలుస్తారు. "బైపాస్ యాడికెళ్లి వోతది? నీకు ఎరికుంటది గదా?" నాకు ఎరుక లేదని చెబితే నమ్మరు. ఎరుక ఉన్నా చెప్పడంలేదని అనుకుంటారు. ప్లాన్‌లో ఒక గీత ఎటు తిరుగుతుందో రెండు నెలల ముందు తెలిసినవాడు పదెకరాలు కొని వెంచర్ వేస్తాడు. గీత ఇంకా పటంలో ఎండకముందే గజం ధర మారిపోతుంది. ఇన్ని చేతులు పట్టుకుని లాగే చోట, ఎవరికీ బావమరిది కాని మనిషి చేత, ఎక్కడో దూరాన కూర్చున్న మనిషి చేత గీత గీయించాలనుకోవడం తెలివితక్కువ ఆలోచన కాదు. నిష్పక్షపాతం కావాలంటే కొంత దూరం కావాలి. ఇన్నాళ్లూ నన్ను నేను ఈ మాటతోనే సముదాయించుకున్నాను.

ఆ మాటను తిరగేసి చూసుకుంటే, నా విషయంలో అందులో నిజం సగమే ఉంది. మిగతా సగం భయం. నేను దూరాన్ని కోరుకున్నది నిష్పక్షపాతంగా ఉండటానికి మాత్రమే కాదు, ఎదుటి మనిషి మొహం చూడాల్సిన అవసరం రాకుండా ఉండటానికి కూడా. నా గీత కింద పడిన మనిషి నా ఇంటి ముందునుంచి సైకిల్ మీద పోతుంటే నేను తలెత్తి చూడగలనా? చూడలేననే అనుకుంటున్నాను. చూడలేని పనిని, చూడక్కర్లేని చోటికి మార్చుకున్నాను. జీతం, హాయి, అమ్మానాన్నల దగ్గర ఉండటం, అన్నీ నిజమైన కారణాలే. వాటి వెనక ఇది కూడా ఉంది.

ఉపగ్రహ చిత్రం ఈ భయానికి బాగా సహకరిస్తుంది. ఏప్రిల్‌లో తీసిన బొమ్మలో మా వైపు కుంటలు బోసిగా, గోధుమరంగులో, ఖాళీ జాగాలా కనిపిస్తాయి. అక్కడ స్టేడియం పట్టేంత చోటుంది. అది శిఖం భూమి అని, వానాకాలం నిండితే నీళ్లు ఏ వేపచెట్టు మొదలు దాకా వస్తాయో, బతుకమ్మల్ని ఏ ఒడ్డున వదులుతారో ఊళ్లో చిన్నపిల్లలకు తెలుసు. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసినప్పుడు ఆ మట్టి ఎవరి చెలకల్లోకి పోయిందో బాపుకు తెలుసు. ఈ తెలిసినతనానికి నా పటంలో పొర లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఎన్ని పొరలైనా పెట్టుకోవచ్చు, ఆ పొరను నింపేవాళ్లను అడగాలి, అంతే.

అడిగితే ఏమవుతుందో గల్ఫ్ పటమే నాకు నేర్పింది. పెద్దబాపు కొడుకు అక్కడ చాలాకాలం స్టీల్ ఫిక్సర్‌గా చేసి తిరిగొచ్చాడు. ఒకరోజు నేను కార్మికుల వసతి గృహాల దగ్గర నడకదారి గీస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. రెండు వైపులా చెట్లు, మధ్యలో బల్లలు, చూడటానికి ముచ్చటగా ఉంది. అన్న చాలాసేపు చూశాడు.

"గీ తొవ్వల ఎవలు నడుస్తరు? క్యాంపు గేటు ఇటు ఉండది. గిదంత కంచె. గేటు ఎనుకకు, సెక్యూరిటీ దిక్కు ఉంటది."

పైనుంచి కంచె కనిపించదు. రోడ్డు పక్కన ఉన్న వైపే ముందు వైపు అని నేను అనుకున్నాను, ఎవరైనా అట్లాగే అనుకుంటారు. ఆపైన ఆయన ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ఎండాకాలం పగటిపూట ఎవరూ నడవరు, చీకటి పడ్డాకే మనుషులు బయటికొస్తారు, కాబట్టి ముందు దీపాలు కావాలి. సెలవు రోజున అందరూ పోయేది రెండే చోట్లకు, కిరాణాకు, ఇంటికి పైసలు పంపే ఎక్స్‌ఛేంజ్‌కు. ఆ రెండూ పెద్ద రోడ్డుకు అవతల ఉంటాయి. పాదచారుల వంతెన చాలా దూరం, అందుకే రోడ్డు మీదుగా ఉరుకుతారు. నీడ కావాల్సింది నడకదారిలో కాదు, కంపెనీ బస్సు కోసం నిలబడే చోట. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది. ఆ విరామంలో మనిషి ఎక్కడ కూర్చోవాలో ఏ పటంలోనైనా ఉందా అని అన్న అడిగాడు. గోడ నీడ వెంట జరుగుతూ కూర్చునేవాళ్లమని చెప్పాడు. నీడ ఎటు జరిగితే అటు.

ఆ తర్వాత ఇప్పుడక్కడ బస్సు నడుపుతున్న మా వాడ మనిషి ఒకరు డ్యూటీ దిగాక వీడియో కాల్ చేసి ఫోన్‌ను వీధి వైపు తిప్పి చూపించడం మొదలుపెట్టారు. ఆయన వీధి చూపిస్తారు, నేను గీత జరుపుతాను. మెట్‌పల్లిలో కూర్చుని ఆ నగరాన్ని ఇంత దగ్గరగా చూడగలగడం మా బృందంలో ఇంకెవరికీ సాధ్యం కాదు. ఆ నగరం మా ఊరివాళ్ల నడుముల మీద లేచింది కాబట్టి ఇక్కడ ప్రతి వాడలో దాని వీధులు తెలిసిన మనిషి దొరుకుతాడు. అయినా మా నివేదికలో వాళ్ల మాటను ఏ గడిలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియడంలేదు. పెట్టుబడిదారులకు గడి ఉంది, ప్రభుత్వ శాఖలకు ఉంది, స్థానిక నివాసులకు ఉంది. వాళ్లు నివాసులు కారు. ఏళ్లకేళ్లు ఉన్నా కారు. పటంలో కార్మికుల వసతికి ఒక ప్రత్యేకమైన రంగు ఉంది, పారిశ్రామిక వాడల ఊదాకు ఆనుకుని, ఊరి చివర. మా వాడ మగవాళ్ల యవ్వనం మొత్తం ఆ రంగులో గడిచింది.

ఇంకో సంగతి కూడా ఆ కాల్స్‌లోనే అర్థమైంది. జగిత్యాల గొడవ రోజుల్లో ఆ బస్సు నడిపే ఆయన వాట్సాప్‌లో వచ్చిన ఒక మసక పటాన్ని నాకు పంపి, అందులో వాళ్ల మామగారి సర్వే నంబర్ ఎక్కడుందో వెతకమన్నారు. నేను వెతికాను, దొరకలేదు, అంత మసక. భూమి ఇక్కడ, పట్టా పాసుపుస్తకం ముసలి తల్లి పేరున, సంపాదించి కొన్న మనిషి గల్ఫ్‌లో, రంగు వేసేవాడు ఇంకెక్కడో. మా జిల్లాలో భూమికి సంబంధించిన మనుషుల్లో దూరంగా ఉన్నది ప్లానర్ ఒక్కడే కాదు. ఆ పొలం దగ్గర అసలు మిగిలింది ఆడవాళ్లూ ముసలివాళ్లూ. అభ్యంతరం రాయాల్సింది వాళ్లు. మా అవ్వలాంటివాళ్లు, బీడీలు చుట్టి వంట చేసి పశువులకు మేత వేసి, సంతకం పెట్టమంటే ఎక్కడ పెట్టాలని అడిగేవాళ్లు. అరవై రోజుల గడువు లెక్కేసినవాళ్లు వీళ్లను మనసులో పెట్టుకుని లెక్కేయలేదు. నేనూ నా చదువులో ఎప్పుడూ పెట్టుకోలేదు.

రేపు మెట్‌పల్లికి ప్లాన్ తయారుచేసే పని వచ్చి, అందులో నన్ను కలవమంటే కలుస్తానా? చాలాసార్లు వేసుకున్న ప్రశ్న ఇది. మొదట్లో వద్దనే జవాబు వచ్చేది, అదీ వెంటనే. ఇప్పుడు కలుస్తాననే అనుకుంటున్నాను, కొన్ని అడిగి. పటంలో సర్వే నంబర్లు తెలుగులో, కళ్లద్దాలు లేనివాళ్లకు కూడా కనిపించేంత పెద్దగా ఉండాలి. మున్సిపల్ ఆఫీసులో ఒక్కటే కాదు, చుట్టుపక్కల ప్రతి గ్రామ పంచాయతీలో వేలాడాలి. అరవై రోజులు కోతల్లోనూ నాట్లలోనూ పడకూడదు, వేసవిలో పెట్టాలి. వాడవాడలో సాయంత్రం పూట కూర్చోవాలి, పొద్దున పదకొండుకు కాదు. అభ్యంతరం నోటితో చెప్పినా రాసుకోవాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో ఫోన్‌లో మాట్లాడి నమోదు చేయాలి. ఇవేవీ పెద్ద ఖర్చు కావు.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా గీత గీయాల్సిన రోజు వస్తుంది, ఎవరి చెలకో దాని కింద పడుతుంది, ఆ ఇల్లు నాకు తెలిసి ఉంటుంది. ఆ రోజు ఆ ఇంటికి వెళ్లి కూర్చుని, ఇటు ఎందుకు వచ్చిందో, అటు ఎందుకు పోలేదో చెప్పడం నా పనిలో భాగమని ఇప్పుడు అనుకుంటున్నాను. ధైర్యం ఉందని చెప్పను. మా రెండెకరాలున్న వైపు పటం మాత్రం నా చేతికి ఇవ్వొద్దని, ఇంకొకరి చేత వేయించమని ముందే రాసిస్తాను. ఈ మాట బాపుకు చెప్పాను. ఆయనకు నచ్చలేదు. "ఇంట్ల ప్లానర్‌ను పెట్టుకొని ఏం ఫాయిద?" అన్నాడు. దానికి సరైన జవాబు కోసం ఇంకా ఆయనతో వాదిస్తూనే ఉన్నాను.